జింక దేవత కథ, చలికాలపు పండుగలు, మన క్రిస్మస్

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఇళ్ల మీద నక్షత్రాలు కడతారు, సెమీ క్రిస్మస్ కూడికలకు తేదీలు ఖాయం చేసుకుంటారు. అదే వారంలో వాట్సాప్ గ్రూపుల్లో పాత సందేశం ఒకటి మళ్లీ తిరగడం మొదలవుతుంది. క్రిస్మస్ అన్యుల పండుగ అనీ, క్రిస్మస్ తాత బండిని లాగే రెయిన్‌డీర్లు ప్రాచీన జింక దేవత రూపాలనీ, డిసెంబరు 25 సూర్యదేవుని పుట్టినరోజు అనీ, ఆ రోజు కేకు కోసినవాడు తెలియక విగ్రహారాధన చేసినట్టే అనీ ఆ సందేశం చెబుతుంది. కింద ఎవరి పేరూ ఉండదు. పదిమందికి పంపమని మాత్రం ఉంటుంది.

దీన్ని నవ్వి వదిలేయడానికి లేదు. కొత్తగా ప్రభువును ఎరిగిన కుటుంబాల్లో ఇది నిజంగానే గుచ్చుకుంటుంది. బంధువులందరినీ నొప్పించి ఒక ఆరాధనను విడిచి వచ్చిన సహోదరికి, నువ్వు ఇప్పుడు చేస్తున్నది కూడా అదే ఆరాధన అని ఎవరో అంటే ఆమె మనసు ఎక్కడ నిలబడాలి? దీనికి జవాబుగా కొందరు ప్రసంగ వేదికల మీద నుంచి, క్రిస్మస్‌లో అన్యుల ఆచారం ఒక్కటీ లేదని గట్టిగా కొట్టిపారేస్తున్నారు. అదీ నిజం కాదు. కాబట్టి తెలిసిన సంగతులను వరుసగా చూద్దాం. ఏది రూఢి, ఏది ఊహ, ఏది నిన్న మొన్న పుట్టిన కథ, దేనికది వేరుచేసి పెడదాం.

జింక దేవత నిజంగా ఉందా?

జింకను పవిత్రంగా ఎంచిన ప్రజలు ఉన్నారు. మంగోలియా గడ్డి మైదానాల్లో వెయ్యికి పైగా నిలువురాళ్లు ఉన్నాయి. వాటి మీద కొమ్ములు వెనక్కి అలల్లా సాగిన జింకలు చెక్కి ఉంటాయి. క్రీస్తుకు పూర్వం సుమారు 1200 నుంచి 600 మధ్య కాలానివి. 2023లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చెక్కిన ప్రజలు రాత వదిలి వెళ్లలేదు. ఆ జింక దేవతా, దేవత వాహనమా, చనిపోయినవారి ఆత్మను మోసుకుపోయేదా అన్నది బొమ్మను బట్టి పండితులు ఊహించాల్సిందే. ‘సైబీరియా ప్రాచీన జింక దేవత’ అన్న అర్థం వచ్చే పేరుతో ఎస్తేర్ జేకబ్సన్ అనే కళా చరిత్రకారిణి 1993లో ఒక గ్రంథం ప్రచురించారు. ఇంటర్నెట్‌లో తిరిగే మాటలకు ఇటువంటి గ్రంథాల పేర్లే ఆధారంగా చూపిస్తుంటారు. ఆమె చేసింది పురాతన చిత్రాల పరిశీలన. క్రిస్మస్ తాత బండికీ దానికీ ముడి వేసింది ఆ తర్వాతి చేతులు.

ఇంకా ఉత్తరాన నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా కొసల్లో సామీ ప్రజలున్నారు. రెయిన్‌డీర్ వారికి పాలు, మాంసం, తోలు, బండి అన్నీ. అక్కడ చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడు కనిపించడు. సూర్యుణ్ణి వారు దేవతగా కొలిచారనీ, తెల్ల జంతువులను ఆ దేవతకు అర్పించారనీ 17, 18 శతాబ్దాల్లో అక్కడికి వెళ్లిన లూథరన్ మిషనరీలు రాసిపెట్టారు. ఆ మిషనరీల రాతలు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సామీల మతం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం, ఆ మతాన్ని తుడిచివేయడానికి వెళ్లినవారి కలం నుంచే వచ్చింది. వారి పూజారుల డప్పులను మిషనరీలు, అధికారులు జప్తు చేశారు, చాలావాటిని కాల్చేశారు. మిగిలిన కొన్ని ఇప్పుడు ఐరోపా మ్యూజియాల్లో ఉన్నాయి. ఈ డప్పుల సంగతి మన దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెబుతాం.

మన దక్షిణాదిలోనే చూస్తే, తమిళుల ప్రాచీన యుద్ధదేవత కొట్రవైకి కొమ్ముల దుప్పి వాహనం. పల్లవుల కాలపు శిల్పాల్లో ఆమె పక్కన దుప్పి కనిపిస్తుంది. గ్రీకుల అర్తెమి కూడా వేటదేవత, లేడి ఆమెకు ఇష్టమైన జంతువు. ఎఫెసు పట్టణం ముద్రించిన నాణేల మీద తేనెటీగ, దుప్పి బొమ్మలు ఉండేవి. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో దేమేత్రియ అనే కంసాలి గొడవ లేవదీసింది ఈ అర్తెమి పేరు మీదే. అంటే పరిశుద్ధ గ్రంథం చదివే మనకు జింక దేవత కొత్త మనిషి కాదు. ఆమె ఊళ్లోనే పౌలు రెండేళ్లకు పైగా ఉన్నాడు.

ఇశ్రాయేలీయుల సంగతి వేరు. ద్వితీయోపదేశకాండం 12, 14 అధ్యాయాల ప్రకారం దుప్పి, జింక తినదగిన జంతువులు. ఇంట్లో వండుకోవచ్చు. బలిపీఠం మీదికి మాత్రం అవి ఎన్నడూ ఎక్కలేదు. బలికి ఎద్దు, గొర్రె, మేక, గువ్వ, పావురం, అంతే. జింక వారికి దేవతా కాదు, బలిపశువూ కాదు. కీర్తనకారుడి దాహానికీ హబక్కూకు కాళ్ల పటిమకూ పోలికగా మిగిలింది.

జింక వేషం కట్టిన క్రైస్తవులు

సందేశాలు పంపేవారికి తెలియని సంగతి ఒకటుంది. చలికాలపు పండుగకూ జింకకూ సంబంధం ఉన్నట్టు గట్టి సాక్ష్యం ఒకటి నిజంగానే ఉంది. అది సైబీరియాలో లేదు, సంఘ చరిత్రలోనే ఉంది.

రోమా సామ్రాజ్యపు పశ్చిమ భాగంలో జనవరి 1న కొత్త సంవత్సరపు సందడి జరిగేది. ఆ రోజు మగవాళ్లు జింక తోలు కప్పుకొని, కొమ్ములు పెట్టుకొని వీధుల్లో గంతులు వేసేవారు. బాప్తిస్మం పొందినవాళ్లు కూడా అందులో కలిసేవారు. ఇప్పటి ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణానికి 502 నుంచి 542 వరకు బిషప్పుగా ఉన్న సిజేరియస్ తన ప్రసంగాల్లో దీన్ని గట్టిగా ఖండించాడు. దేవుని పోలికగా చేయబడిన మనిషి పశువు రూపం ఎందుకు తొడుక్కోవాలన్నది ఆయన బాధ. అదే శతాబ్దం రెండో సగంలో ఓసేర్‌లో కూడిన సభ చేసిన నిబంధనల్లో మొట్టమొదటిది, జనవరి 1న జింక వేషాలు కట్టవద్దని.

వీరికంటే ముందు, నాలుగో శతాబ్దంలో, స్పెయిన్ దేశపు బార్సిలోనాలో పాసియన్ అనే బిషప్పు ఈ వేషం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు దొరకదు. తర్వాత రాసిన మరో రచనలో ఆయనే వాపోయాడు: నేను అంత వివరంగా తిట్టి ఉండకపోతే మా ఊరివాళ్లకు ఆ వేషం ఎలా కట్టాలో తెలిసేదే కాదేమో అని. పదహారు వందల ఏళ్ల క్రితం నాటి ఆ నిట్టూర్పు ప్రతి డిసెంబరులో మాకు గుర్తొస్తుంది. జింక దేవత పేరు ఎన్నడూ వినని కోదాడ యవ్వనస్థులకు ఆమెను పరిచయం చేసింది ఎవరు? ఆమెను ఖండించే సందేశాలే.

ఈ సాక్ష్యాన్ని బట్టి ఏం తేలింది? జింక వేషం జనవరి 1ది, క్రీస్తు జన్మదినానిది కాదు. సంఘం దాన్ని పండుగలోకి తెచ్చుకోలేదు, బయటికి నెట్టింది. ఆ వేషం వెనుక దేవత ఉందని కూడా సిజేరియస్ రాయలేదు. మద్యం, కేరింత, పాత అలవాటు, వాటినే అతడు ఎత్తిచూపాడు.

మరి క్రిస్మస్ తాత బండి? ఇందులో పెద్దగా చెప్పడానికి లేదు. 1821లో న్యూయార్కులో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలో తాత బండిని ఒక రెయిన్‌డీర్ లాగింది. 1823లో ట్రాయ్ పట్టణపు పత్రికలో వచ్చిన పద్యంలో అవి ఎనిమిదయ్యాయి. ఎర్ర ముక్కు రుడాల్ఫ్ 1939లో ఒక అమెరికా దుకాణాల సంస్థ కొనుగోలుదారుల పిల్లలకు ఉచితంగా పంచిన పుస్తకంలో పుట్టాడు. రెయిన్‌డీర్లలో మగవాటికి చలికాలం మొదట్లో కొమ్ములు రాలిపోతాయి, ఆడవాటికి వసంతం దాకా ఉంటాయి. కాబట్టి బొమ్మల్లో కొమ్ములతో కనిపించేవి ఆడవే అయివుండాలని, అవి దేవతలే అనడానికి ఇదే రుజువని ఒక వాదం ఉంది. బొమ్మలు గీసినవారు అంత ఆలోచించారని మేము అనుకోము. తాతకు మూలమైన నికొలాస్ మాత్రం మూర పట్టణపు బిషప్పు. పౌలు రోమాకు పోతూ ఓడ మారిన ఊరే అది. మన సంఘాల్లో ఎర్ర టోపీ పెట్టుకొని మిఠాయిలు పంచే తాత వల్ల విగ్రహారాధన జరుగుతుందని మేము నమ్మము. పిల్లలు కూడిక అయ్యాక యేసు పేరుకంటే తాత పేరు ఎక్కువగా చెబితే మాత్రం కాపరి ఆలోచించాల్సిందే.

తేదీ ఎక్కడిది?

సువార్తల్లో తేదీ లేదు. లూకా నెల కూడా చెప్పలేదు. డిసెంబరులో గొర్రెల కాపరులు రాత్రివేళ పొలంలో ఉండరు గనుక ఆ తేదీ తప్పు అనే వాదం మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. యూదయలో చలికాలమే వానకాలం, గడ్డి మొలిచేది అప్పుడే. కాబట్టి ఆ వాదంతో ఇటూ అటూ ఏదీ తేలదు.

డిసెంబరు 25న క్రీస్తు జన్మించినట్టు చెప్పే అతి పాత రోమా పత్రం 354వ సంవత్సరపు పంచాంగం. దానిలోని ఆ పట్టిక 336 నాటిదని పండితుల అంచనా. అదే పంచాంగంలో, మరో పట్టికలో, అదే తేదీకి ‘జయింపబడనివాని పుట్టినరోజు’ అని ఉంది, ముప్పై రథ పందేలు కూడా రాసి ఉన్నాయి. జయింపబడనివాడంటే సూర్యుడు. చక్రవర్తి ఔరేలియన్ 274లో రోమాలో సూర్యునికి గుడి కట్టించాడు. కానీ డిసెంబరు 25 సూర్యుని పండుగను అతడే పెట్టాడని ఆ కాలపు రాత ఏదీ చెప్పదు. అంటే రెండు పండుగలకూ ఆ తేదీతో ఉన్న స్పష్టమైన తొలి సాక్ష్యం ఒకే పుస్తకంలో, పక్కపక్కన ఉంది. ఎవరు ఎవరిని చూసి పెట్టుకున్నారో దాన్ని బట్టి తేల్చలేం.

సూర్యుని పండుగను మింగడానికే సంఘం ఆ తేదీ పెట్టిందన్న మాట ఒక సిరియా రచనకు పన్నెండో శతాబ్దం ప్రాంతంలో చేర్చిన వ్యాఖ్యలో కనిపిస్తుంది. 1743లో జర్మనీ పండితుడు యబ్లోన్‌స్కీ దాన్ని విస్తరించాడు, అప్పటినుంచి అది వ్యాపించింది. 1889లో ఫ్రెంచి పండితుడు దుషేన్ మరో దారి చూపాడు. ప్రభువు సిలువ వేయబడినది మార్చి 25 అని లాటిను సంఘంలో చాలామంది లెక్కించేవారు, ఆయన గర్భంలో పడినదీ అదే రోజని నమ్మేవారు. తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25. ఈ లెక్కను అగస్టీను కూడా రాశాడు. తూర్పు సంఘాలు ఏప్రిల్ 6 నుంచి లెక్కించి జనవరి 6కు చేరాయి. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6నే ఆచరిస్తుంది. మాకు రెండో వివరణ ఎక్కువ బలంగా కనిపిస్తుంది. అయితే ఇది చరిత్ర తీర్పు మాత్రమే, దీని మీద ఎవరి విశ్వాసమూ ఆధారపడకూడదు. సాటర్నాలియా పండుగ డిసెంబరు 17 నుంచి 23 వరకు జరిగేది, 25న కాదు. మిత్ర దేవుడు 25న పుట్టాడనేదానికి ప్రాచీన ఆధారం లేదు.

రోమన్లు డిసెంబరు 25ను చలికాలపు అయనాంతంగా, అంటే పగలు పెరగడం మొదలయ్యే రోజుగా లెక్కించేవారు. ఆకాశంలో అది ఇప్పుడు డిసెంబరు 21, 22 తేదీల్లో వస్తుంది. మన సంక్రాంతి కూడా అటువంటిదే. ఉత్తరాయణం పేరుతో మనం జనవరి 14, 15న చేసుకునే పండుగ సుమారు పదిహేడు వందల ఏళ్ల క్రితం సరిగ్గా అయనాంతం దగ్గర ఉండేది. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల డెబ్బై ఏళ్లకు దాదాపు ఒక రోజు చొప్పున జరిగి ఇక్కడికి వచ్చింది. పగలు పెరగడం చూసి సంతోషించడం ఏ ఒక్క దేవత సొత్తూ కాదు. రైతు ఏ దేశంలో ఉన్నా ఆ రోజు కోసం చూస్తాడు. మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం లారీలు బారులు తీరే నెలల్లో ఏదో ఒక పండుగ రాకపోతేనే ఆశ్చర్యం.

ఇక ఉత్తర ఐరోపా విషయం ఒప్పుకోవాలి. ఆంగ్లేయ సన్యాసి బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథంలో, తన జాతివారు క్రైస్తవులు కాకముందు డిసెంబరు 25 రాత్రిని ‘తల్లుల రాత్రి’ అని పిలిచేవారని చెప్పాడు. ఆ తల్లులు దేవతలే కావచ్చు. నార్వే రాజు హాకోన్ పదో శతాబ్దంలో అక్కడి యూల్ పండుగను క్రిస్మస్ రోజుకు జరిపించాడని ఐస్‌లాండు చరిత్ర చెబుతుంది. 601లో పోపు గ్రెగరీ ఇంగ్లండులోని సేవకులకు రాసిన ఉత్తరంలో, విగ్రహాలు తీసివేసి గుడులను ఆరాధనకు వాడుకోమనీ, ఎద్దులు కోసే జనం దేవుని స్తుతిస్తూ విందు చేసుకోనివ్వమనీ సలహా ఇచ్చాడు. చెట్టు, కట్టె మంట, పచ్చని ఆకుల తోరణం వంటి ఉత్తరపు అలవాట్లలో పాత చలి పండుగ వాసన ఉందంటే మేము కాదనము. అవి క్రీస్తు జన్మ పండుగకు పైన తొడిగిన బట్టలు. యిర్మీయా 10వ అధ్యాయంలో గొడ్డలితో నరికి వెండి బంగారాలతో అలంకరించినది మాత్రం క్రిస్మస్ చెట్టు కాదు. అక్కడ చెప్పింది చెక్క విగ్రహం గురించి.

ఇదే కారణంతో క్రిస్మస్‌ను పూర్తిగా విడిచినవారూ ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ చేసినవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681లో ఎత్తేశారు. మన తెలుగు నేలలో కూడా ఆ రోజును ఆచరించని సహవాసాలు ఉన్నాయి. వారిని మేము తక్కువగా చూడము. రోమీయులకు 14వ అధ్యాయం వారికీ మనకూ కలిపి రాసినదే.

ఇక్కడ, మన ఊళ్లలో

సైబీరియా జింక మన ఇంటి గుమ్మం దాకా రాదు. సూర్యాపేట విశ్వాసికి చలికాలంలో ఎదురయ్యే ప్రశ్న దురాజ్‌పల్లి గుట్ట మీద ఉంది.

చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో, హైదరాబాదు–విజయవాడ రహదారి పక్కనే పెద్దగట్టు. మాఘమాసంలో రెండేళ్లకోసారి ఐదు రోజులు లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో జరిగింది. మేడారం తర్వాత తెలంగాణలో అతి పెద్ద జాతరగా దీనికి పేరు. ప్రధానంగా యాదవుల పండుగ. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది, ఆడవాళ్లు గంపలెత్తుకొని గుట్ట ఎక్కుతారు, మగవాళ్లు గజ్జెల లాగులు తొడిగి భేరీల మోతకు అడుగులు వేస్తారు. లింగమంతుల స్వామికి బోనం నైవేద్యం. గొర్రెపొట్టేళ్లు, మేకల బలి ఆయన సోదరి చౌడమ్మకు. రంగుపొడులతో చంద్రపట్నం వేస్తారు.

జింకతో బతికినవారు జింకను దేవత దగ్గర నిలబెట్టారు. గొర్రెతో బతికేవారు గొర్రెను తీసుకొని గుట్ట ఎక్కుతారు. ఈ పోలిక మాకు ఎగతాళిగా తోచలేదు. మనిషి తన బతుకులో అన్నిటికంటే విలువైనదాన్నే దేవుని ముందు పెట్టాలనుకుంటాడు. పస్కా గొర్రెపిల్ల కూడా మందలు మేపుకొనే ప్రజల ఇంటి నుంచే వచ్చింది. క్రీస్తు పుట్టిన వార్త మొదట విన్నది రాత్రివేళ మంద కాచుకొంటున్నవారు. లూకా 2వ అధ్యాయం చదివినప్పుడు, ఊరి బయట చేలల్లో మంద వేసి చలిలో పడుకొనే మన యాదవ సోదరునికి అర్థమైనంతగా మనలో చాలామందికి అర్థం కాదు. సెమీ క్రిస్మస్‌కు అతణ్ణి పిలిచి, జాతర గురించి వెటకారంగా మాట్లాడి పంపే సంఘం పెద్ద పొరపాటు చేస్తోంది.

అయినా బలి బలే. అందులో భాగం పంచుకోవడం గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం స్పష్టంగా ఉంది. రెండు బల్లలలో పాలు పొందడం కుదరదు. బలి దగ్గర నిలిచి మొక్కడానికి విశ్వాసి వెళ్లకూడదు, చందా పేరుతో బలికి డబ్బు ఇవ్వడమూ మాకు సరిగా తోచదు. మరి అక్క ఇంట్లో జాతర కూర వండి భోజనానికి పిలిస్తే? అదే అధ్యాయం ఆ ఇంటినీ వదల్లేదు. పిలిచినవారి ఇంట్లో వడ్డించింది ఆరా తీయకుండా తినవచ్చు, ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం మానుకోవాలి. జాతర రోజుల్లో ఆ మాట చెప్పనక్కర లేకుండానే అందరికీ తెలుస్తుంది. కాబట్టి ఆ ఐదు రోజులు మాంసం మానుకొని, పప్పుతో అక్క పక్కనే కూర్చొని తినడం మంచిదని మా అభిప్రాయం. గడప తొక్కకుండా ఉండమని పౌలు చెప్పలేదు.

సంక్రాంతి ముగ్గు గురించి కోదాడ వైపు ఎక్కువ వాదన నడుస్తుంది. ఆంధ్ర సరిహద్దు కదా, పండుగ వారంలో ఆ రహదారి అంతా కార్లే, ఇళ్ల ముందు ముగ్గులూ పెద్దవే. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం శుభ్రత, అందం. చాలా విశ్వాసుల ఇళ్ల ముందు డిసెంబరు 24 రాత్రి ముగ్గుపిండితోనే నక్షత్రం వేసి క్రీస్తు పేరు రాస్తున్నారు. ఆ గీతకు మతం లేదు. గొబ్బెమ్మను పెట్టి పసుపు కుంకుమలతో పూజించి చుట్టూ తిరిగితే అది వేరే పని. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆ ఇంటి ఆడవాళ్లకు స్పష్టంగా తెలుసు. ఊరి బయటివారు వచ్చి చెప్పక్కర లేదు.

డప్పు సంగతి ఇంకా లోతైనది. 1890 ప్రాంతంలో నల్లగొండలో బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా సామ్రాజ్యంలోని, నేటి ఉక్రెయిన్‌లోని, మెన్నోనైట్ గ్రామాల నుంచి వచ్చినవారు. మంచు చూసి పెరిగిన మనుషులు నల్లగొండ ఎండలో సువార్త చెప్పారు. ఆ పని సూర్యాపేట వైపు విస్తరించింది. ప్రభువును అంగీకరించినవారిలో అధికులు మాదిగ, మాల కుటుంబాలవారు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం మాదిగల మీద మోపిన చాకిరి. క్రీస్తులోకి వచ్చాక డప్పు దించడం వారికి విడుదల. కాబట్టి డప్పు అన్యుల వాద్యమని పాత తరం సంఘాలు దూరం పెట్టినప్పుడు, అందులో భక్తితో పాటు గాయం కూడా ఉంది. ఈనాడు అదే కుటుంబాల మనవలు క్రిస్మస్ రాత్రి అదే డప్పు మీద క్రీస్తు పాట వాయిస్తున్నారు. కొందరు పెద్దలకు అది ఇప్పటికీ నొప్పి. వారిని పాతకాలపువారని తోసివేయకూడదు, ఎందుకు దించారో వారి నోట వినాలి. ఆ పిల్లలను అన్యాచారులు అనడం కూడా తగదు. సామీల డప్పులను కాల్చినవారి వారసులు ఇప్పుడు వాటిని మ్యూజియం అద్దాల్లో చూసి బాధపడుతున్నారు. మన దగ్గర డప్పు కాలిపోలేదు, దానికి దేవునికి స్తోత్రం.

ఎఫెసు కరణం చెప్పిన మాట

అర్తెమి ఊళ్లో గొడవ చల్లార్చింది అపొస్తలుడు కాదు, ఆ పట్టణపు కరణం. ఆ అధ్యాయం చివర అతడు ఇచ్చిన సాక్ష్యం గమనించండి. ఈ మనుషులు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు అన్నాడు. పౌలు రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో చేతులతో చేసినవి దేవుళ్లు కావని బోధించాడు, మాంత్రికుల పుస్తకాలు వీధిలో కాలాయి. అయినా దేవత గురించి అబద్ధం గానీ బూతు గానీ అతని నోట విన్నట్టు ఎవరూ సాక్ష్యం చెప్పలేకపోయారు.

పెద్దగట్టు గురించి, గొబ్బెమ్మ గురించి, సామీల సూర్యదేవత గురించి మనం మాట్లాడేటప్పుడు అటువంటి సాక్ష్యం మన ఊరి పంచాయతీ కార్యదర్శి ఇవ్వగలడా? క్రిస్మస్‌ను సమర్థించడానికైనా ఖండించడానికైనా పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞకు సెలవు లేదు. కాబట్టి ఈ డిసెంబరులో జింక దేవత సందేశం మీ ఫోనుకు వస్తే, పంపినవారికి మూడు ప్రశ్నలు వేయండి. ఏ దేశపు ప్రజలు? ఏ కాలంలో? ఎవరు రాసిపెట్టారు? జవాబు రాకపోతే ఆ సందేశం మీ దగ్గరే ఆగిపోనివ్వండి.

జింక పేరుతో కొత్త నిబంధనలో ఒక స్త్రీ ఉంది. యొప్పేలోని తబితా, గ్రీకులో దొర్కా. రెండు పేర్లకూ అర్థం లేడి. ఆ పేరు అన్యభాషలో అడవి జంతువుదని ఎవరూ ఆమెను పేరు మార్చుకోమనలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి, ఆమె వారికోసం కుట్టిన అంగీలు, వస్త్రాలు. మన జిల్లాల్లో జనవరి దాకా చలి తగ్గదు. సంఘపు స్త్రీల సమాజాలు దుప్పట్లు పంచే తేదీలు ఇంకా నిర్ణయించకపోతే, కరోల్స్‌కు వెళ్లే వీధుల పట్టీతో పాటే అదీ రాసుకోండి. బస్టాండు దగ్గర పడుకొనేవారినీ, ఊరి బయట మంద కాసేవారినీ ఆ పట్టీలో కలపండి.